అప్‌డేట్: చుక్కికి ఇల్లు దొరికింది

కాలికి దెబ్బతో రోడ్డు పక్కన దొరికిన చుక్కి అనే పిల్లిని తాత్కాలికంగా ఉంచుకున్నానని, మా కుక్కతో దానికి పొసగడం లేదు కాబట్టి శాశ్వతంగా ఎవరికి, ఎలా ఇవ్వాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు చేయించి ఇవ్వమన్న మాట బాగా పనికొచ్చింది. పిల్లల్ని పెట్టించే ఉద్దేశంతో అడిగినవాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకున్నారు. ఫొటో చూడగానే "రేపే తీసుకెళ్తాం" అన్నవాళ్లకు ఇవ్వబుద్ధి కాలేదు. చివరికి తీసుకున్న అక్క మాత్రం ఇది ఏం తింటుంది, దేనికి భయపడుతుంది అని అడిగారు. బాల్కనీకి వల కొట్టించాకే తీసుకెళ్తానన్నారు. ఆ మాటతోనే నాకు సగం టెన్షన్ పోయింది.

ఇది పడుకునే పాత దుప్పటి, అలవాటైన లిట్టర్ (మలమూత్రాలకు వాడే ఇసుకలాంటిది) కూడా వెంట పంపాను. ఇల్లంతా ఒకేసారి వదలకుండా ఒక గదిలోనే ఉంచారు. మొదట్లో మంచం కిందే నక్కింది. దాక్కోవడం మామూలే కానీ, ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కి ఫోన్ చేయాలని గట్టిగా చెప్పాను. పిల్లులు వరసగా కొన్ని రోజులు తిండి మానేస్తే కాలేయానికే ముప్పు. అదృష్టం, రాత్రిళ్లు అందరూ పడుకున్నాక వచ్చి గిన్నె ఖాళీ చేసేది.

నిన్న వీడియో పంపారు. అక్క ఒళ్లో వెల్లకిలా పడుకుని, దెబ్బ తగిలిన ఆ కాలినే ఆవిడ చేతిలో పెట్టింది. నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు దాన్ని! ఎప్పుడైనా కుదరకపోతే తిరిగి నాకే ఇవ్వాలని మాట తీసుకున్నాను, ఆవిడా సరేనన్నారు.