గద్ది కుక్కని హైదరాబాద్ తీసుకురావచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

మూడేళ్లుగా ఉద్యోగం మీద హిమాచల్‌లో పాలంపూర్ దగ్గర ఉంటున్నాం. గద్దీలంటే ఇక్కడి కొండల్లో గొర్రెలు మేపే తెగవాళ్లు, వాళ్ల కాపలా కుక్కే గద్ది కుక్క. మా పక్కింటి గద్ది కాపరి ఇచ్చిన కూన ఇప్పుడు పద్నాలుగు నెలల మగకుక్క. నల్లగా, మెడ చుట్టూ జూలుతో ఉంటుంది. ఇక్కడివాళ్లు వీటిని మందతో పాటు ఎండాకాలం పై కొండలకి, చలికాలం కిందికి తిప్పుతారు, చిరుత మెడ పట్టకుండా ఇనుప ముళ్ల పట్టీ కడతారు. 2025లో దేశీ జాతిగా గుర్తింపు కూడా వచ్చింది, కానీ అసలు రక్తం తగ్గిపోతోందని కాపరులే అంటున్నారు.

సమస్య ఏంటంటే, మేలో నాకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్. అక్కడ మాది మూడో అంతస్తు ఫ్లాట్. వీడేమో ఇక్కడే ఫిబ్రవరి ఎండకి నీడ వెతుక్కుంటాడు, రాత్రంతా కాపలా అని మొరుగుతూనే ఉంటాడు, ఆకు కదిలినా సరే. ఆ మొరుగుడికి అపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకుంటారా?

ఒత్తు బొచ్చు కుక్కని మన ఎండల్లో పెంచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏసీ ఒక్కటీ చాలుతుందా? బొచ్చు గొరిగించమని ఒకరు, గొరిగిస్తే చర్మం కాలుతుందని ఇంకొకరు, ఏది నిజమో అర్థం కావట్లేదు. రైల్లో రెండు రోజులు ఎలా తేవాలో కూడా చెప్పండి.

కాపరి అయితే తిరిగి ఇచ్చేయమంటున్నాడు, మందలో హాయిగా ఉంటాడట. మా పాప మాత్రం రోజూ ఏడుపే. మీరైతే ఏం చేస్తారు?