ఇంటి పన్ను, కుళాయి, షాపుల అద్దెలు: బకాయిల వసూలంతా ఒక్క సెక్షన్ కిందికి తెస్తే?

పెన్నాగట్టు:
మాది నెల్లూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ. ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను రెవెన్యూ సెక్షన్‌లో ఉన్నాయి. కుళాయి బిల్లులు ఇంజనీరింగ్ వాళ్ళవి, ట్రేడ్ లైసెన్సులు హెల్త్ వాళ్ళవి, షాపుల అద్దెలూ మార్కెట్ ఆశీలూ ఇంకో గుమాస్తా దగ్గర. ఒకే ఆసామికి నాలుగు నంబర్లు, ఒకే ఇంటికి నలుగురు తిరుగుతున్నారు. బకాయిల వసూలు మొత్తం ఒక్క సెక్షన్‌కి అప్పజెప్పాలన్న ప్రతిపాదన ఉంది. ముందు ఏం చేయాలి, ఎక్కడ బెడిసికొడుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పద్దుపుస్తకం:
మనుషుల్ని కలపకముందు డిమాండ్ (ఎవరు ఎంత కట్టాలన్న జాబితా) శుభ్రం చేయండి. డీసీబీలో, అంటే డిమాండ్, వసూలు, మిగిలిన బాకీ చూపే పట్టికలో, కనిపించే బకాయిలో కొంత అసలు లేని బాకీ. కూల్చేసిన ఇంటికి ఇంకా పడుతున్న పన్ను, అమ్మేసి ఏళ్ళయినా పేరు మారని ఇల్లు, కోర్టు స్టేలో ఉన్నవి, రెండుసార్లు ఎక్కిన ఇళ్ళు. ఈ చివరిది ఎలా పుడుతుందో చూడండి. పై అంతస్తు వేశాక 16-2-114/ఏ అని కొత్త అసెస్‌మెంట్ (పన్ను నంబరు) ఇస్తారు, పాత 16-2-114ని రద్దు చేయడం మరిచిపోతారు. ఆసామి కొత్తదానికి ఠంచనుగా కడుతుంటాడు, పాతదాని మీద నెలకు 2 శాతం వడ్డీ పెరుగుతుంటుంది. అలాంటివాడి గుమ్మం మీద రెడ్ నోటీసు (బకాయి హెచ్చరిక) అంటిస్తే వీధి వీధంతా ఎదురు తిరుగుతుంది, న్యాయంగానే.

అందుకని వార్డు అడ్మిన్ సెక్రటరీలకు వార్డువారీ బకాయి జాబితా ఇచ్చి, ఇంటింటికీ పంపి, ఒక్కో నంబరు పక్కన కారణం రాయించండి: కట్టగలడు, పేరు మారాలి, డబుల్, కోర్టు, ఇల్లు లేదు. తీసేయాల్సినవి కమిషనర్ ఉత్తర్వు లేకుండా ఎవరూ తీసేయకూడదు.

ఇక అసలు మాట. ఆసామిని కలపండి, పద్దులు కలపొద్దు. ఒక ఫోన్ నంబరు కింద అతని ఇల్లు, కుళాయి, షాపు అన్నీ కనిపించాలి, కానీ డబ్బు దేని పద్దులో అది పడాలి. ఇంటి పన్నుతో పాటు వచ్చే 8 శాతం గ్రంథాలయ సెస్సు మున్సిపాలిటీ డబ్బే కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థది. వసూళ్ళన్నీ ఒకే కుప్పలో పోస్తే ముందు ఆగిపోయేది అదే.

కొంత మాత్రమే కట్టినప్పుడు పాత బాకీకే ముందు జమ చేయాలి. అర్ధ సంవత్సరానికి 1,800 రూపాయల పన్ను జూన్ 30 దాటితే నెలకు 36 రూపాయల వడ్డీ, ఏడాదికి 432. వచ్చిన డబ్బుని కౌంటర్‌లో ఈ ఏటి పన్నుకి కొట్టేస్తే పాతది అలాగే ఉండి మీటరు తిరుగుతూనే ఉంటుంది. కట్టినవాడు తాను మోసపోయాననే అనుకుంటాడు.

గుండ్లకమ్మ:
పై మాటలకు ఒంగోలు వైపు నుంచి ఒక చేర్పు. సెక్షన్ ఒకటే అయినా చేతులు వేరుగా ఉండాలి. పన్ను వేసేవాడు, వసూలు చేసేవాడు, తగ్గించేవాడు ఒక్కడే అయితే ఎంత మంచివాడైనా ఇబ్బందిలో పడతాడు. చేతి రసీదు పుస్తకాలు వెనక్కి తీసుకోండి, మెషీన్ రసీదే ఇవ్వాలి. నగదు ఆ రోజుదారోజే జమ కావాలి. రోజూ పొద్దున్నే పోర్టల్ రసీదులు, స్వైపింగ్ మెషీన్ లెక్క, బ్యాంకు స్క్రోల్ (బ్యాంకు ఇచ్చే జమల జాబితా) పక్కపక్కన పెట్టి చూడాలి. ఆన్‌లైన్‌లో కట్టినా అసెస్‌మెంట్‌లో పడని డబ్బు అక్కడే దొరుకుతుంది. అది తేలేదాకా ఆ ఇంటికి నోటీసు వెళ్ళకూడదు.

షాపుల అద్దెని మాత్రం పన్నులా చూడొద్దు. అది లీజు ఒప్పందం. నోటీసు, డిపాజిట్ సర్దుబాటు, లీజు రద్దు, మళ్ళీ వేలం పాట, ఇదీ వరస. పన్ను బాకీకి జప్తు వారెంటు దారి వేరు. ఒకే ఫారంలో రెండూ కలిపి నోటీసిస్తే కోర్టులో రెండూ నిలబడవు. ఇంటి పన్ను బాకీ ఉందని కుళాయి కట్ చేయడం కూడా నాకు సమ్మతం కాదు. నీళ్ళ డబ్బు కడుతున్న ఇంటికి నీళ్ళు ఆపడం అన్యాయం.

పెన్నాగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఇంకొక్కటి. ఏడాదంతా ఊరుకుని మార్చిలో అందరం రోడ్డు మీద పడుతున్నాం. ఇది ఎలా మార్చాలి?

పొగనారు:
మీ ఊరి డబ్బు ఎప్పుడు కదులుతుందో దాన్నిబట్టి నడవండి. నెల్లూరులో మార్చి, ఏప్రిల్ కోతలయ్యాక చేతిలో డబ్బుంటుంది. ఎడగారు (రెండో పంట) పెట్టుబడికి పోకముందే అడగాలి. ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం రాయితీ ఉంది కాబట్టి బిల్లులు ఏప్రిల్ మొదటి వారంలోనే ఇళ్ళకు చేరాలి. నెలాఖరులో చేరితే రాయితీ కాగితం మీదే మిగులుతుంది. ప్రకాశంలో పొగాకు వేలం నడిచే నెలలు చూసుకోవాలి. నవంబరులో వానలు, తుఫాన్లు. అప్పుడు ఇళ్ళ చుట్టూ తిరగకుండా డబుల్ నంబర్లు, పేరు మార్పులు తేల్చుకోండి. రెండో అర్ధ సంవత్సరం గడువు డిసెంబరు 31.

2025 మార్చిలో వడ్డీ సగం మాఫీ చేశారు. అలాంటిది మళ్ళీ వస్తుందని ఆగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళను మార్చిలో కాదు, జూలైలో వడ్డీ మొదలయ్యేటప్పుడే కలిసి లెక్క చూపించాలి.

ఖాళీ స్థలాల యజమానులు ఎక్కువగా చెన్నైలోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. గేటుకు నోటీసు అంటించి లాభం లేదు, రిజిస్ట్రేషన్ దస్తావేజులోని చిరునామాకు పంపాలి. రైల్వే లాంటి కేంద్ర ఆస్తులకు రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం పన్ను వేయలేం. 2009లో సుప్రీంకోర్టు ముందు ఖరారైన పద్ధతిలో, అందే సేవలను బట్టి పన్నులో 75, 50 లేదా 33.33 శాతం సర్వీసు చార్జీగా అడగొచ్చు. దీన్ని డీసీబీలో ఇంటి పన్ను బకాయిగా చూపిస్తుంటే ముందు అక్కడినుంచి తీసి వేరే పద్దులో పెట్టండి.