ఫ్యాన్ బెల్టును ఇంటి దగ్గర మార్చుకోవచ్చా, షెడ్డుకే వదిలేయాలా?

మారతహళ్ళి వాసి:

తొమ్మిదేళ్ళ వయసున్న మా కారు 84,000 కిలోమీటర్లు తిరిగింది. వారం రోజులుగా ఉదయం స్టార్ట్ చేయగానే బానెట్ కింద కీచుమని అరుస్తోంది. ఏసీ వేస్తే ఆ అరుపు ఇంకా పెరుగుతోంది. రేడియేటర్ ఫ్యాను కరెంటు మోటారుతో తిరిగే ఈ రోజుల్లోనూ మనం ఫ్యాన్ బెల్టు అనే పిలుస్తున్న ఆ బెల్టే కారణమని, దానితో పాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ కూడా మార్చాలని సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. నేను టార్చి వేసి చూస్తే బెల్టు మీద ఒక్క పగులు కూడా కనబడలేదు. ఇక్కడే బెంగళూరు జేసీ రోడ్డులో బెల్టు కొని, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేనే మార్చుకోవాలని అనుకుంటున్నాను. పొరపాటు జరిగితే వాల్వులు, పిస్టన్లు దెబ్బతినే టైమింగ్ బెల్టు జోలికి నేను పోవడం లేదు. బయటికి కనబడుతూ, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నూ ఏసీ కంప్రెసర్‌నూ వాటర్ పంపునూ తిప్పే ఈ బెల్టుకు మెకానిక్ అవసరం ఏముందన్నది నా ప్రశ్న. వచ్చే నెల పెద్దవాళ్ళతో తిరుమల వెళ్ళాలి కాబట్టి ఆలోగా ఇది తేలాలి.

పీణ్య షెడ్డు నుంచి:

మాది మదనపల్లె, ఇరవై ఏళ్ళుగా ఇక్కడ షెడ్డు నడుపుతున్నాను. గిరాకీ పోతుందని ఈ మాట చెప్పడం లేదని ముందే మనవి చేస్తున్నాను, ఎందుకంటే బెల్టు ఒక్కదాని కూలి మాకు పెద్ద లెక్కలోది కాదు. బెల్టు అరవడానికి స్ప్రింగు బలం తగ్గిన టెన్షనరో, బేరింగు అరిగిన పుల్లీయో, పైనుంచి కారుతున్న ఆయిలో, కూలెంటో కారణం కావచ్చు. వాటిని చూడకుండా కొత్త బెల్టు వేస్తే నెల తిరగకుండా అదే అరుపు మళ్ళీ మొదలవుతుంది.

పోయిన ఏడాది ఒకాయన ఇంట్లోనే బెల్టు మార్చుకుని, వారం తర్వాత మా దగ్గరికి వచ్చారు. లోపలి వైపు పొడవునా ఆరు గట్లున్న బెల్టును, ఇంజిన్ తిప్పే క్రాంక్ పుల్లీ మీద ఒక గాడి పక్కకు ఎక్కించడం వల్ల చివరి గట్టు అంచు వెంట చీలి, దాని పీచు పుల్లీ వెనక చుట్టుకుపోయింది. అలాంటి పీచు టైమింగ్ కవరులోకి చొరబడితే, మీరు జోలికి పోనన్న ఆ టైమింగ్ బెల్టుకే ముప్పు. ఇక ఘాట్ రోడ్డు మీద బెల్టు తెగితే, వాటర్ పంపు దీనితోనే తిరిగే ఇంజిన్లు కొద్ది నిమిషాల్లో వేడెక్కిపోతాయి.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి:

కారణం వెతకాలన్న షెడ్డు అన్నగారి మాట పూర్తిగా సరైనది, కాని ఆ వెతుకులాటకు కావలసిన తీరిక ఇంటి దగ్గరే దొరుకుతుందని నా అభిప్రాయం. మా కారు బెల్టును నేనే రెండుసార్లు మార్చాను.

పగుళ్ళు లేవు కాబట్టి బెల్టు బాగుందని మాత్రం అనుకోకండి. వెనకటి నియోప్రీన్ రబ్బరు బెల్టులు పాతబడితే పగిలేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు పగలకుండా, టైరు అరిగినట్లు లోలోపల అరిగి, గట్ల మధ్య లోతు మార్చుకుని జారిపోతుంది. పైగా మన ఊరిలో కిలోమీటర్ల లెక్క సగం నిజమే చెబుతుంది, ఎందుకంటే సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండి నిలబడిపోయిన ప్రతి నిమిషమూ బెల్టు తిరుగుతూనే ఉంటుంది.

మొదట ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ నడుస్తూ అరుస్తున్నప్పుడు, చేతులూ చున్నీ లాంటివీ దూరంగా ఉంచి, బెల్టు గట్ల వైపు కొద్దిగా నీళ్ళు చిమ్మండి. శబ్దం వెంటనే పెరిగితే బిగువు తగ్గి జారుతోందని, కాసేపు ఆగి మళ్ళీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవని గ్రహించవచ్చు. తర్వాత ఇంజిన్ చల్లారనిచ్చి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు పోతోందో ఫోటో తీసుకోండి. బెల్టు తీశాక ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగు పోయినట్లే. పాత బెల్టు వీపు మీద 6పీకే1195 వంటి సంఖ్య ఉంటే ఆరు గట్లు, 1195 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం, కనుక మీ బెల్టు మీద ఉన్న సంఖ్యనే కొనండి. కొత్తది ఎక్కించాక ప్రతి గాడినీ వేలితో తడిమి లెక్కపెడితే అన్నగారు చెప్పిన ఆ చీలిక రానే రాదు.

పీణ్య షెడ్డు నుంచి:

అమ్మా, మీరు చెప్పిన పద్ధతిలో నేను దిద్దవలసింది లేదు. అయితే అది స్ప్రింగు టెన్షనర్ ఉన్న కార్లకే సరిపోతుంది. ఆల్టర్నేటర్‌ను జరిపి బోల్టుతో బిగించే చిన్న కార్లు ఇంకా ఎన్నో తిరుగుతున్నాయి, వాటి మీద కొత్త చేయి ఎప్పుడూ ఎక్కువే బిగిస్తుంది. అప్పుడు అరుపు ఆగుతుంది, యజమాని సంతోషిస్తాడు, కొన్ని నెలలకు ఆల్టర్నేటర్ బేరింగు పోతుంది. టెన్షనరే లేకుండా సాగే బెల్టు వేసిన ఇంజిన్లయితే ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. స్క్రూడ్రైవరుతో ఎక్కించబోతే లోపలి తాళ్ళు దెబ్బతింటాయి.

మారతహళ్ళి వాసి:

ఆదివారం నీళ్ళ పరీక్ష చేశాను. శబ్దం వెంటనే పెరిగింది. మాది స్ప్రింగు టెన్షనరే. బెల్టు తీసి తిప్పి చూస్తే టెన్షనర్ పుల్లీ గరగరమంది, అంటే సర్వీస్ సెంటర్ వారి మాట నిజమేనని ఒప్పుకుంటున్నాను. రెండూ కొన్నాను. టెన్షనర్ బోల్టును చెప్పిన టార్కుకే, అంటే రెంచ్‌తో కొలిచిన బిగువుకే బిగించాలని మాన్యువల్‌లో ఉంది, నా దగ్గర టార్క్ రెంచ్ లేదు. ఆ ఒక్క బోల్టు కోసం పీణ్య దాకా రావాలా?

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి:

అవసరం లేదు, రెంచ్ నా దగ్గర ఉంది, శనివారం వచ్చి తీసుకెళ్ళండి.

పీణ్య షెడ్డు నుంచి:

బోల్టు మీరే బిగించుకోండి. తిరుమల బయలుదేరే ముందు మాత్రం ఒకసారి ఏసీ వేసి, హెడ్‌లైట్లు వెలిగించి, ఇంజిన్ నడుస్తుండగా టెన్షనర్ ఊగుతోందేమో గమనించి, చూసింది ఇక్కడ రాయండి.