పిల్లల మనోవికాసంలో హెచ్చుతగ్గులు: కొలతలోని దోషమా, మార్పుకు ఆనవాలా?

విశాఖ పరిశోధకురాలు (చర్చ ప్రారంభం)

ఐదారేళ్ల పాపను మూడూ తొమ్మిదీ కలిపితే ఎంతని అడిగితే ఒకరోజు ఒకటి నుంచి మొదలుపెట్టి అన్నీ లెక్కపెడుతుంది. మరునాడు అదే ప్రశ్నకు తొమ్మిదిని మనసులో పెట్టుకొని పది, పదకొండు, పన్నెండు అంటుంది. ఆ తరువాతి రోజు మళ్ళీ ఒకటి నుంచే మొదలుపెడుతుంది. ఈ పాపకు కూడిక ఏ మేరకు వచ్చినట్టని అడిగితే, మన పరీక్షలు చాలావరకు వీటిలో ఏదో ఒక రోజును పట్టుకొని జవాబు రాస్తాయి, లేదా అన్నిటి సగటు తీస్తాయి. ఒకే బిడ్డలో రోజురోజుకూ కనిపించే ఈ హెచ్చుతగ్గులే వికాస మనస్తత్వశాస్త్రం అధ్యయనం చేయవలసిన అసలు విషయమని, సగటు తీసినప్పుడు మనం పోగొట్టుకునేది సరిగ్గా దానినేనని నా వాదన.

దీనికి గట్టి ఆధారం అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ సీగ్లర్ 1987లో ప్రచురించిన అధ్యయనం. చిన్న తరగతుల పిల్లలు కూడికలకు తీసుకునే సమయాల సగటును బట్టి, వాళ్ళు పెద్ద సంఖ్య నుంచి ముందుకు లెక్కించే పద్ధతినే వాడతారని అంతకుముందు పరిశోధకులు తేల్చారు. సీగ్లర్ ప్రతి లెక్క తరువాతా ఎలా చేశావని పిల్లలనే అడిగాడు. ఆ పద్ధతిని వాళ్ళు వాడింది మూడో వంతుకు కాస్త ఎక్కువ సందర్భాల్లోనే అని, మిగిలినవాటిలో గుర్తున్న జవాబు చెప్పడం, అన్నీ లెక్కించడం, సంఖ్యను విడగొట్టడం, ఊహించి చెప్పడం కలగలిసి ఉన్నాయని బయటపడింది. అంటే సగటు చూపించిన బిడ్డ ఆ గదిలో ఎక్కడా లేదు.

వరంగల్ శిశువైద్యుడు

మేడమ్ గారు, మీరు చెప్పిన అధ్యయనాన్ని కాదనను. కానీ ఈ వాదన ప్రయోగశాల దాటి ఇళ్ళలోకి వెళ్ళినప్పుడు ఏమవుతుందో మేము ప్రతిరోజూ చూస్తున్నాము. రెండున్నరేళ్లు నిండినా మాట రాని బిడ్డను తీసుకురావడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడని, మగపిల్లలకు మాట నిదానమని సర్దిచెబుతారు. ఆ బిడ్డకు వినికిడి లోపం ఉంటే, అలా పోయిన నెలలను తరువాత ఏ చికిత్సా పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. పిల్లలందరూ ఒకేలా ఎదగరన్న మాట శాస్త్రీయంగా నిజమే అయినా, ఆచరణలో అది ఆలస్యానికి ఊతమవుతోంది.

పైగా ప్రమాణాలు వైవిధ్యాన్ని పట్టించుకోవన్నది సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన చలన వికాస ప్రమాణాలను మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి తయారుచేశారు. బిడ్డ ఆసరా లేకుండా నడిచే వయసుకు అందులో ఒక్క తేదీ లేదు, 8.2 నెలల నుంచి 17.6 నెలల వరకు ఒక విస్తృతమైన వ్యవధి ఉంది. చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడక నేర్చిన పిల్లలు నూటికి నలుగురు ఉన్నారని కూడా అందులోనే నమోదైంది. ఇంత విశాలమైన గీత కూడా దాటిన బిడ్డను పరీక్షించకుండా వదిలేయడానికి నాకు మనసొప్పదు.

హైదరాబాద్ గణాంక అధ్యాపకుడు

నా అభ్యంతరం వేరు. ఒకే బిడ్డ ఫలితాలు రోజుకో రకంగా ఉంటే అందులో వికాసం ఎంత, నిద్ర చాలకపోవడం, ఆకలి, కొత్త మనిషిని చూసిన బెరుకు ఎంత అన్నది ముందు వేరుచేయాలి. మిషెల్ లాంప్ల్ బృందం 1992లో 31 మంది శిశువుల పొడవును తరచుగా కొలిచి, ఎదుగుదల నిలకడగా సాగదని, 2 నుంచి 63 రోజుల వరకు ఏమీ పెరగకుండా ఉండి ఒక్కసారిగా పెరుగుతారని ప్రకటించింది. కదిలే శిశువును కొలవడంలోని దోషమే అలా కనిపించి ఉండవచ్చునని ఇతర పరిశోధకులు వెంటనే అభ్యంతరం చెప్పారు. శరీరపు పొడవు విషయంలోనే ఇంత వాదం నడిస్తే, మనసు విషయంలో ఎంత జాగ్రత్త కావాలి? అదీగాక, ఒక బిడ్డను అదే లెక్క పదేపదే అడిగితే ఆ అడగడమే బోధన అయిపోతుంది. మనం చూసేది సహజమైన మార్పా, మనం కలిగించిన మార్పా అన్న సందేహం మిగిలిపోతుంది.

పెద్ద సంఖ్యలో పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించే పని విలువను కూడా తక్కువ చేయకూడదు. యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది వయసున్న సుమారు 2000 మందిని, ఎనిమిదేళ్ల వయసున్న సుమారు 1000 మందిని ఎంచుకొని, 2006, 2009, 2013, 2016లలో మళ్ళీ మళ్ళీ కలిసింది. శ్రీకాకుళం నుంచి మహబూబ్‌నగర్ వరకు మన పల్లెల పిల్లల బాల్యంలో పేదరికం, పోషణ, చదువు ఎలా పెనవేసుకున్నాయో అంత స్పష్టంగా చూపినవి అరుదు. పది మంది పిల్లలను రోజూ గమనించడం నుంచి అటువంటి జ్ఞానం రాదు.

విశాఖ పరిశోధకురాలు

సార్ లేవనెత్తిన రెండు సందేహాలూ న్యాయమైనవే కనుక వాటికి వివరంగా జవాబు చెబుతాను.

మొదటిది, ఇదంతా కొలత దోషమేమో అన్నది. సీగ్లర్ అధ్యయనంలో పెద్ద సంఖ్య నుంచి లెక్కించానని బిడ్డ చెప్పిన లెక్కలను విడిగా తీసి చూస్తే, పట్టిన సమయం చిన్న సంఖ్య ఎంత పెద్దదో దానిని బట్టి పెరిగింది. అన్నీ లెక్కించానన్న చోట మొత్తాన్ని బట్టి పెరిగింది. యాదృచ్ఛిక దోషం ఇంత క్రమంగా విడిపోదు. శిశువుల కదలికలను అధ్యయనం చేసిన మనస్తత్వవేత్త ఎస్తేర్ థెలెన్ పనిలో ఇది మరింత తేటగా కనిపిస్తుంది. పుట్టిన శిశువును నిలువుగా పట్టుకుంటే అడుగులు వేసినట్టు కాళ్ళు కదిపి, రెండు మూడు నెలలకు ఆ కదలిక మానేస్తుంది. మెదడు ఎదిగి ఆ ప్రతిచర్యను అణచివేస్తుందని పుస్తకాలు చాలాకాలం రాశాయి. థెలెన్ బృందం 1984లో, అడుగులు మానేస్తున్న శిశువులను ఛాతీ వరకు నీళ్ళలో నిలబెడితే అవి తిరిగి కనిపించాయి. అడుగులు వేస్తున్న శిశువుల కాళ్ళకు చిన్న బరువులు కడితే తగ్గిపోయాయి. కాళ్ళలో కొవ్వు పెరిగినంత వేగంగా కండబలం పెరగకపోవడమే ఆగిపోవడానికి కారణం. పరిస్థితి మారితే ప్రవర్తన మారడాన్ని చికాకుగా భావించి ఉంటే ఈ కారణం ఎన్నటికీ దొరికేది కాదు.

రెండవది, అడగడమే బోధన అవుతుందన్నది. అది నిజమైన పరిమితి. తక్కువసార్లు అడిగిన మరో జట్టుతో పోల్చిచూడడం వల్ల కొంత తేలుతుంది, పూర్తిగా తేలదు. అయితే ఆరు నెలలకు ఒకసారి చూడడంలో కూడా దోషం ఉంది, అది కంటికి కనబడదు, అంతే. కారెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 2008లో ప్రచురించిన పనిలో తల్లిదండ్రులు శిశువుల చలన నైపుణ్యాలను రోజూ నమోదు చేశారు. చాలా నైపుణ్యాలు ఒకరోజు కనబడి, మరునాడు లేకుండాపోయి, కొన్నాళ్ళకు స్థిరపడ్డాయి. అదే సమాచారం నుంచి నెలకొక రోజు చొప్పున తీసుకొని గీత గీస్తే, నైపుణ్యం ఒక్క మెట్టులో వచ్చినట్టు కనిపించింది, వచ్చిన వయసు కూడా తప్పుగా తేలింది. దశలుగా మనం చెప్పుకునే వాటిలో కొన్ని మన సందర్శనల మధ్య ఎడం వల్ల పుట్టినవి కావని ఎవరు చెప్పగలరు?

యంగ్ లైవ్స్ విలువ మీద నాకు భేదాభిప్రాయం లేదు. ఏ పరిస్థితుల్లోని పిల్లలు వెనుకబడతారో అది చెబుతుంది. ఒక బిడ్డలో మార్పు ఎలా జరుగుతుందో చెప్పడం దాని పని కాదు, మూడు నాలుగేళ్లకు ఒకసారి చూసే ఏ అధ్యయనానికీ సాధ్యం కాదు.

కర్నూలు జిల్లా ఉపాధ్యాయిని

ఈ చర్చ మా తరగతి గదికి నేరుగా సంబంధించినది. సూసన్ గోల్డిన్-మెడో, ఆమె సహచరులు 1980లలో చూపిన విషయమొకటి నాకు ఎంతో ఉపయోగపడింది. బిడ్డ నోటితో తప్పు కారణం చెబుతూనే, చేతులతో సరైన ఆలోచనను సూచిస్తున్నట్టయితే, ఆ బిడ్డ నేర్పితే అందుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు. నోరూ చెయ్యీ కలిసి ఒకే తప్పు చెప్పే బిడ్డకు అదే బోధన అంతగా అందదు. ఇద్దరికీ కాగితం మీద వచ్చేది సున్నాయే. రెండో తరగతిలో వేళ్ళ మీద లెక్కపెట్టడాన్ని వెనుకబాటుగా చూసి మందలించే అలవాటు పోవాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే పాత పద్ధతీ కొత్త పద్ధతీ కొంతకాలం పక్కపక్కనే ఉంటాయి, ఉండాలి కూడా. నలభై మంది ఉన్న గదిలో ఇవన్నీ గమనించడం కష్టమన్నదీ నిజమే.

వరంగల్ శిశువైద్యుడు

ఒక్క హెచ్చరిక చేయవలసి ఉంది. వచ్చిన మాటలు పోవడాన్ని ఎవరూ హెచ్చుతగ్గుల కింద జమకట్టకూడదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు రెండో ఏట అప్పటికే పలుకుతున్న మాటలను, కళ్ళలోకి చూడడాన్ని కోల్పోతారు. అటువంటి బిడ్డను వెంటనే వైద్యునికి చూపించాలి.

విశాఖ పరిశోధకురాలు

డాక్టర్ గారి హెచ్చరికను పూర్తిగా అంగీకరిస్తాను, నా వాదనకు అదే బలం కూడా. ఉన్న మాట పోయిందా, ఆ రోజు ఆ మాట రాలేదా అన్నది ఒక్క సందర్శనతో తేలదు. పిల్లలను పరీక్షించే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తాయి. ఆ రెండింటి మధ్య బిడ్డను రోజూ చూసేది తల్లీ, అంగన్‌వాడీ టీచరూ. వాళ్ళు చూసింది తేదీతో నమోదయితే డాక్టర్ గారి పని ఆలస్యం కాదు, త్వరగా మొదలవుతుంది.

హైదరాబాద్ గణాంక అధ్యాపకుడు

నమోదు చేస్తే సరిపోదు. పిల్లల ఎదుగుదల గురించి తల్లిదండ్రులు నింపే ఏజెస్ అండ్ స్టేజెస్ ప్రశ్నావళిలో 'అవును', 'ఇంకా లేదు' లకు తోడు 'అప్పుడప్పుడు' అనే గడి ఇప్పటికే ఉంది. కానీ దానికి 5 మార్కులు వేసి, 'అవును'కు వచ్చే 10తో కలిపి కూడేస్తారు. ఏ నైపుణ్యం ఊగిసలాటలో ఉందో ఆ మొత్తంలో కనబడకుండా పోతుంది. 'అప్పుడప్పుడు' అన్న జవాబులను మొత్తంలో కలపకుండా విడిగా ఉంచి, ఆ ప్రశ్నలనే రెండు వారాల్లో మళ్ళీ అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కనే చూపించే పద్ధతి ఉంటే దానిని పరీక్షించడానికి నాకు అభ్యంతరం లేదు. అంతవరకు స్క్రీనింగ్‌కు, అంటే ఏ బిడ్డను వివరంగా పరీక్షించాలో తేల్చే తొలి వడపోతకు, పాత గీతలే ఉండాలన్న నా అభిప్రాయం మారలేదు.