సత్తు: తేటలో ఉందా, అడుగున ఉందా?

నిన్న మన గుంపులో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్నకు వ్యాఖ్యలో రెండు ముక్కలు రాస్తే సరిపోదనిపించి విడిగా రాస్తున్నాను. మందుమొక్కల్లోంచి మన ఒంట్లోని కణాలను కాపాడే పదార్థాలను ఎలా వేరుచేస్తారో ఆవిడ పదో తరగతి పిల్లలకు చెప్పాలి. చేతికందిన పుస్తకంలో ‘జైవక్రియాశీల సమ్మేళనాల వివిక్తీకరణ’ అని ఉందట. పిల్లలు బెదిరిపోకుండా దీన్ని తెలుగులో ఎలా చెప్పాలని అడిగారు.

‘సత్తు తీయడం’ అని చెప్పండి. మాట ఉన్నదే, కొత్తగా పుట్టించక్కర్లేదు.

సంస్కృతంలోని సత్త్వం మన నోళ్ళలో నలిగి సత్తు అయింది, సత్తువ అయింది. చేనులో సత్తువ తగ్గిందంటాం. జ్వరం తగ్గాక నాలుగు రోజులు నిస్సత్తువగా ఉందంటాం. లోపల ఉండి బలాన్నిచ్చేది ఏదో, అదే సత్తు. నాటువైద్యంలో తిప్పసత్తు అన్న మాట అందరూ వినే ఉంటారు.

మా అమ్మమ్మ తిప్పసత్తు తీస్తుంటే పక్కన కూర్చుని చూసినవాణ్ణి. బొటనవేలంత లావున్న పచ్చి తిప్పతీగను తెచ్చి, పైపొర గీకేసి, ముక్కలు కోసి రోట్లో నలగ్గొట్టేది. బానలో నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చేది. పొద్దున్నే చేతులతో బాగా పిసికి, పాత పంచె గుడ్డలో వడగట్టి, పిప్పి అవతల పారేసేది. ఇక ఆ బానను ఎవరూ కదపకూడదు. మధ్యాహ్నానికి పైన తేట, అడుగున తెల్లటి మడ్డి. తేటను మెల్లగా వంచేసి, మడ్డిని ఆరబెడితే ముగ్గుపిండిలాంటి పొడి వచ్చేది. అంత తీగకీ పిడికెడు కూడా దక్కేది కాదు.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ పొడిలో ఎక్కువ భాగం పిండిపదార్థమే. తీగ నమిలితే తగిలే చేదు ఆ పొడిలో అంతగా ఉండదు. నీళ్ళలో కరిగే చేదు పదార్థాలు చాలావరకు తేటతో పాటే పోతాయి. రసాయనశాస్త్రం చదివినవాళ్ళు మొక్కల్లో వెతికేది సాధారణంగా ఇలా నీళ్ళలోనో, వేరే ద్రావకంలోనో కరిగేవాటి కోసమే. వాళ్ళు తేటను దాచుకుని పిప్పిని పారేస్తారు. అమ్మమ్మ అడుగున మిగిలినదాన్ని సత్తు అంది, వాళ్ళు పైన తేలినదాంట్లో సత్తు వెతుకుతారు. అందుకే పిల్లలకు ఈ మాట చెప్పేటప్పుడు ‘ఏ సత్తు’ అన్నది కూడా చెప్పాలి.

ఉదాహరణకు నేల ఉసిరిని తీసుకోండి. వానాకాలంలో గట్ల మీద, పెరట్లో జానెడు ఎత్తున మొలుస్తుంది. రెమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద వరసగా ఆవగింజలకన్నా కొంచెం పెద్ద కాయలుంటాయి. పచ్చకామెర్లకు దాన్ని నూరి మజ్జిగలో ఇవ్వడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఆ మొక్క చేదు మీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన శాస్త్రజ్ఞులు టి.ఆర్. శేషాద్రి, జి.వి. కృష్ణమూర్తి పనిచేసి 1946లో వ్యాసం ప్రచురించారు. ఆ వ్యాసం పేరులోనే ‘బిట్టర్ ప్రిన్సిపుల్’ అని ఉంది. దాన్ని ‘చేదుసత్తు’ అనక ఇంకేమంటాం? ఆ పదార్థమే ఫిల్లాంథిన్. 1960లలో అక్కడే ఎల్. రామచంద్రరావు బృందం దాని నిర్మాణం తేల్చే పని చేసింది. 1985లో భారత, జపాన్ శాస్త్రజ్ఞులు కలిసి ఎలుక కాలేయ కణాలను బయట పెంచి, వాటి మీద కాలేయాన్ని దెబ్బతీసే కార్బన్ టెట్రాక్లోరైడ్, గాలక్టోసమీన్ ప్రయోగించి చూశారు. ఫిల్లాంథిన్ ఉన్నచోట కణాలకు దెబ్బ తగ్గింది. ఇది గాజుగిన్నెలో కణాల మీద తేలిన సంగతి. ఇంట్లో ఎవరికైనా కామెర్లొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే, ఈ మాట కూడా పిల్లలకు చెప్పండి.

మా అక్క కూతురు ఇలాంటి పనే చేస్తోంది. ఎండిన ఆకుపొడిని మిథనాల్ అనే ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, ద్రావకాన్ని ఆవిరిగా లాగేస్తే తారులాంటి నల్లటి జిగురు మిగులుతుంది. దాన్ని సిలికా అనే తెల్లటి సన్న పొడి నింపిన నిలువు గాజుగొట్టం పైన వేసి ద్రావకం పోస్తూ ఉంటే పసుపు, ఆకుపచ్చ పట్టీలు విడివిడిగా కిందకి దిగుతాయి. ఒక్కో పట్టీని ఒక్కో సీసాలో పట్టుకోవాలి. తర్వాత ఒక్కో సీసాలోదాన్నీ దెబ్బతిన్న కణాల మీద వేసి చూస్తారు. కణాలు బతికాయా లేదా చూడ్డానికి పసుపుపచ్చని రంగుమందు వేస్తారు, బతికున్న కణాలు దాన్ని ఊదారంగుకు మారుస్తాయి. ఆ ఊదా చూసిన రోజు పిల్ల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది.

ఇంకో మాట. ‘కణరక్షక’ అని పుస్తకాల్లో రాస్తున్నారు, తప్పేమీ లేదు. కానీ మనకు ‘కాచు’ ఉంది. చేను కాస్తాం, దేవుడా కాచుకో అంటాం. ‘కణాన్ని కాచే సత్తు’ అంటే ఎనిమిదేళ్ళ పిల్లకైనా తెలుస్తుంది.

వ్యాఖ్యల్లో వచ్చిన రెండు ప్రశ్నలకు ఇక్కడే జవాబు:

‘సారం’ చాలదా అని ఒకరు అడిగారు. మొక్కను నానబెట్టి తీసిన మొత్తం రసానికి సారం చాలా బావుంటుంది, అందులో వందల పదార్థాలు కలిసే ఉంటాయి. అందులోంచి ఒక్కదాన్ని ఏరి తీస్తే దానికి సత్తు. పసరు, కషాయం, సారం కలగాపులగం. సత్తు ఒంటరి. ఈ తేడా పాటిస్తే రెండు మాటలూ బతుకుతాయి.

సత్తు అంటే అల్యూమినియం గిన్నె కదా అని ఇంకొకరు. నిజమే, మా ఇంట్లో అన్నం వండేదీ సత్తు గిన్నెలోనే. ఆయుర్వేదంలో లోహాలతో, ఖనిజాలతో మందులు చేసే రసశాస్త్రంలో ఖనిజాన్ని మూషలో, అంటే మంటకు తట్టుకునే మట్టిపాత్రలో పెట్టి కాల్చి రాబట్టిన లోహాన్నీ సత్త్వం అనే అంటారు, ఆ పనిని సత్త్వపాతనం అంటారు. గిన్నెకు ఆ పేరు ఈ దారినే వచ్చి ఉంటుందని నా ఊహ. రాయిలోంచి తీసినా తీగలోంచి తీసినా మాట ఒకటే కావడం నాకు చాలా నచ్చింది.

తిప్పసత్తు తీసేటప్పుడు పైన తేలిన ఆ చేదు తేటను మీ ఇళ్ళలో పారబోసేవాళ్ళా, తాగేవాళ్ళా? దానికి మీ వైపు ప్రత్యేకంగా పేరేదైనా ఉంటే ఊరి పేరుతో సహా రాయండి.