సర్వరులోని 400 ఫోల్డర్ల అనుమతులను స్క్రిప్టుతో సరిదిద్దడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. విజయవాడలోని ఒక ఆడిట్ కార్యాలయంలో లినక్స్ ఫైల్ సర్వరు బాధ్యత నాది. క్లయింటుకు ఒకటి చొప్పున సుమారు 400 ఫోల్డర్లు ఉన్నాయి. సిబ్బంది విండోస్ కంప్యూటర్ల నుంచి సాంబా (లినక్స్ ఫోల్డర్లను విండోస్ కంప్యూటర్లకు అందించే సాఫ్ట్‌వేర్) ద్వారా వాటిని తెరుస్తారు. నాకంటే ముందు పనిచేసినవారు ఎవరికీ అడ్డు రాకూడదని అన్నింటికీ 777 (ఎవరైనా చదివి, రాసి, నడపగల అనుమతి) ఇచ్చి వెళ్లిపోయారు. ఇప్పుడు ఏ బృందం ఫోల్డర్లు ఆ బృందానికే కనిపించాలి.

ఫోల్డరులోని పేర్లను చూపే ఎల్‌ఎస్ (ls) ఆజ్ఞ ఇచ్చిన పేర్లను ఫర్ లూపులో తీసుకొని, ఒక్కొక్కదానికి అనుమతులు మార్చే సీహెచ్‌మోడ్ (chmod) ఆజ్ఞతో లోపలి వరకూ 660 (యజమానికి, గ్రూపుకు చదువు, రాత మాత్రమే) ఇచ్చే స్క్రిప్టు రాశాను. నడిపాక మామూలు యూజరుగా చూస్తే ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి గానీ, పరిమాణం, తేదీ ఉండాల్సిన చోటంతా ప్రశ్నార్థకాలే; ఏదీ తెరుచుకోలేదు. పైగా ‘జీఎస్టీ రిటర్నులు 2023-24’ అనే ఫోల్డరు దగ్గర ‘జీఎస్టీ’ అనే ఫైలే లేదని సందేశం వచ్చింది. కంగారుపడి మళ్లీ 777 పెట్టేశాను. సరైన స్క్రిప్టు తయారైతే రోజూ రాత్రి 2 గంటలకు క్రాన్‌లో (నిర్ణీత వేళకు పనులు నడిపే సదుపాయం) నడపాలని ఆలోచన. సలహా ఇవ్వగలరు.

జవాబు 1

ఫైలుకు ఎక్స్ అంటే దాన్ని ప్రోగ్రాముగా నడిపే అనుమతి. ఫోల్డరుకు అదే ఎక్స్ అంటే గడప దాటి లోపలికి వెళ్లే అనుమతి. 660లో ఆర్ (చదువు అనుమతి) ఉంది కాబట్టి పేర్లు కనిపించాయి, ఎక్స్ లేదు కాబట్టి ఆ పేర్ల వెనుక ఉన్న వివరాలు అందలేదు. అందుకే రెండింటికీ ఒకే అంకె పనికిరాదు. ఫైళ్లను, ఫోల్డర్లను వెతికే ఫైండ్ (find) ఆజ్ఞను రెండుసార్లు నడపండి: టైప్ డి అని ఫోల్డర్లను ఏరి 2770, టైప్ ఎఫ్ అని ఫైళ్లను ఏరి 660 ఇవ్వండి. దానికంటే ముందు ప్రతి ఫోల్డరునూ దాని బృందం గ్రూపు పేరుకు మార్చాలి. 2770లో ముందున్న 2, సెట్‌జీఐడీ (setgid) అనే గుర్తు. దానివల్ల లోపల కొత్తగా పుట్టే ఫైలు, సృష్టించినవారి సొంత గ్రూపుకు కాక, ఫోల్డరు గ్రూపుకు చెందుతుంది.

సీహెచ్‌మోడ్‌లో పెద్ద ఎక్స్ (X; ఫోల్డర్లకు, ఇప్పటికే ఎక్స్ ఉన్న ఫైళ్లకు మాత్రమే ఎక్స్ ఇచ్చేది) వాడితే ఒకే ఆజ్ఞతో పని అయిపోతుందని కొందరు చెబుతారు. మీ విషయంలో అది మోసం చేస్తుంది, ఎందుకంటే ఇప్పటికే ఎక్స్ ఉన్న ఫైలుకు పెద్ద ఎక్స్ దాన్ని అలాగే ఉంచుతుంది; 777 వల్ల మీ ఎక్సెల్ షీట్లకు కూడా అది అంటుకొనే ఉంది.

పేరు ముక్కలవడానికి కారణం, ఎల్‌ఎస్ ఇచ్చిన జాబితాను షెల్ ఖాళీల దగ్గర విడగొట్టడమే. ఫైండ్‌లో, దొరికిన పేర్లను మరో ఆజ్ఞకు అందించే ఎగ్జెక్‌ను (-exec) ప్లస్ గుర్తుతో ముగిస్తే పేర్లు చెక్కుచెదరకుండా చేరతాయి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అయితే మార్చే ముందు, అనుమతులను చదివి చూపే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ (getfacl) ఆజ్ఞతో ఇప్పటి స్థితినంతా ఒక ఫైలులో భద్రపరచండి. పూర్తి దారి ఇచ్చినా అది మొదటి స్లాష్‌ను తీసేసి రాస్తుంది కాబట్టి, వాటిని తిరిగి పెట్టే సెట్‌ఎఫ్‌ఏసీఎల్ రీస్టోర్‌ను రూట్ డైరెక్టరీలో (/) నిలబడి నడపాలి. మొదటిసారి ఇది తెలియక నేను అరగంట తల పట్టుకున్నాను.

స్క్రిప్టు మొదట్లో సెట్ హైఫన్ యు (set -u; విలువ లేని చలరాశి ఎదురైతే స్క్రిప్టును ఆపేది) కూడా రాయండి. ఒకసారి పరీక్షల కోసం ఉంచుకున్న యంత్రంలో చలరాశికి విలువ ఇవ్వడం మరిచిపోవడంతో, దాని వెనుక ఉన్న స్లాష్ ఒక్కటే మిగిలి 660 మొత్తం వ్యవస్థకు పాకింది. తెరిచి ఉన్న రూట్ షెల్‌లోనైనా సరిచేద్దామంటే, సీహెచ్‌మోడ్ తన ఎక్స్‌ను కూడా తానే తీసేసుకుంది.

ఇక క్రాన్ ఆలోచనను మానుకోమంటాను. పగలు పుట్టిన ఫైలు రాత్రి 2 గంటల దాకా తప్పుడు అనుమతితోనే ఉంటుంది. సాంబాలో క్రియేట్ మాస్క్ (కొత్త ఫైలుకు దక్కగల అనుమతుల పరిమితి) మామూలుగా 0744. అది గ్రూపు రాత అనుమతిని కత్తిరిస్తుంది. ఆ షేరుకు (సాంబా పంచే ఫోల్డరు) ఇన్‌హెరిట్ పర్మిషన్స్‌ను యెస్ (yes) చేస్తే, కొత్త ఫైలు తన రాత, చదువు అనుమతులను పై ఫోల్డరు నుంచే తీసుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు 3 ఫోల్డర్ల మీద పరీక్షించి, ఆదివారం అన్నింటికీ నడిపాను. సాంబా అమరిక కూడా మార్చాను. ఒక్కటి మిగిలింది. రెండు బృందాల్లోనూ ఉన్న మేనేజరుగారు ఒక ఫైలును టాక్స్ బృందం ఫోల్డరు నుంచి ఆడిట్ బృందం ఫోల్డరులోకి లాగి వేస్తే, ఆడిట్ వారికి అది తెరుచుకోవడం లేదు. మేనేజరుగారికి మాత్రం తెరుచుకుంటోంది.

జవాబు 2

ఒకే షేరులో లాగి వేయడమంటే పేరు మార్చడమే. ఫైలు కొత్తగా పుట్టదు కాబట్టి పాత గ్రూపుతోనే వస్తుంది. కాపీ చేస్తే ఈ సమస్య రాదు. ఇప్పుడు క్రాన్‌కు పని ఉంది, కానీ మార్చడానికి కాదు: ఫోల్డరు గ్రూపుతో సరిపోలని ఫైళ్లను ఫైండ్‌తో ఏరి, ఉదయం ఆ జాబితాను మీకు మెయిల్ చేయమనండి. కొన్నాళ్లు అది చూస్తే, ఏ బృందం ఫైళ్లు ఎక్కడికి చేరుతున్నాయో తెలుస్తుంది. బహుశా ఆ రెండు బృందాలకూ ఉమ్మడి ఫోల్డరు ఒకటి అవసరమేమో.