మా బాబు విద్యా ప్రణాళిక సమావేశంలో ఏమి అడగాలి, ఎలా అడగాలి?

మాది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లెటూరు. మా బాబుకు తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతి చదువుతూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి కూడా వెళ్తున్నాడు.

పోయిన ఏడాది వాడి వ్యక్తిగత విద్యా ప్రణాళిక (వాడికి ఏమి, ఎలా నేర్పాలో రాసుకునే పత్రం) కోసం పిలిచినప్పుడు, ముందే నింపిన కాగితాన్ని మా ముందుంచి సంతకం చేయమన్నారు. లక్ష్యం అన్నచోట "చదవడం, రాయడం నేర్పించాలి" అన్న ఒక్క వాక్యమే ఉంది. బస్టాండులో ఒంగోలు, ఉదయగిరి, ఆత్మకూరు బోర్డులను దూరం నుంచే చదివే పిల్లవాడు, తరగతిలో గొంతులన్నీ ఒక్కసారిగా లేచేసరికి చెవులు మూసుకొని బల్ల కిందికి వెళ్లిపోతాడని చెప్పబోతే, "అవన్నీ మాకు తెలుసమ్మా" అన్నారు. సంతకం పెట్టి వచ్చేశాము. అది ఇప్పటికీ నన్ను బాధిస్తోంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, పిల్లవాడి అవసరానికి తగిన సర్దుబాట్లు చేయాలని, వాడి ప్రగతిని గమనిస్తూ ఉండాలని చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటివి 17వ సెక్షన్‌లో ఉన్నాయి. అయితే రేపు మా బాబును చూసుకోవలసింది ఆ ఉపాధ్యాయులే కాబట్టి, మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా ఎత్తాలో తెలియడం లేదు.

మీలో ఎవరైనా ముసాయిదా కాపీని ముందుగా అడిగి తీసుకున్నారా? "మూడు నెలల్లో ఇంత" అని కొలవదగిన లక్ష్యాలను ఎలా రాయించారు? ఒప్పుకోని అంశాన్ని సంతకం పక్కనే రాయవచ్చా? సమావేశం వచ్చే వారమే. ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు తమ అనుభవం చెప్పవలసిందిగా వేడుకుంటున్నాను.